అద్దె యిల్లు – ఇరువురి ధర్మము

(సంఘ వార్షికోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని తెలుగువారి సామెత. ఈ రెండు కార్యముల కష్టమును పెద్దలు ఏనాడో గుర్తించిరి. కాని, కట్టిన యింటిని అద్దెకిచ్చి చూడుమని వారు చెప్పలేదు. ఇల్లు కట్టినవాడు ఆ యింటనే కాపురముండి, ఆ యింటనే కన్నుమూసిన కాలమది. కేంద్ర ప్రభుత్వోద్యోగమున చేరి విశాఖపట్టణమునుండి ఢిల్లీకిని, ఢిల్లీనుండి నాగపూరునకును, అచటినుండి గౌహతికిని బదిలీయగుచుండు తెలుగువాని స్థితి వేరు. ఇల్లొకచోట, ఉద్యోగమొకచోట. భవిష్యనిధినుండి కొంత, ప్రభుత్వమిచ్చు గృహనిర్మాణపు అడ్వాన్సు కొంత, ఇల్లాలి నగలమీద కొంత తెచ్చి, కాకినాడలోనో కర్నూలులోనో హైదరాబాదులోనో అతడు ఇల్లు కట్టును. గృహప్రవేశమునకు పది దినములు సెలవు పెట్టును. పాలు పొంగించిన వారమునకే తాళము వేసి రైలెక్కును. ఆ తాళపుచెవి ఎవరి చేతికి, ఏ షరతులపై ఈయవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

ఇందొక విశేషము కలదు. తెలుగునాట ఇంటి యజమానియైన ఈ ఉద్యోగి, ప్రభుత్వపు క్వార్టరు దొరకనంతకాలము, ఢిల్లీలో తానొక అద్దెదారు. కరోల్ బాగులోనో మునీర్కాలోనో మయూర్ విహారులోనో రెండు గదులలో కాపురము. నీళ్ల మోటారు చెడి మూడు దినములైనను యజమాని పలుకలేదని ఉదయము విసుగుకొనినవాడే, సాయంకాలము కాకినాడనుండి అద్దెదారు ఫోను చేసి మిద్దె కారుచున్నదని చెప్పగానే, "ఆపాటి మీరు చూచుకొనరాదా?" అని విసుగుకొనును. ఒకే మనుష్యుడు, ఒకే దినమున, గడపకు లోపల ఒక న్యాయమును, గడపకు వెలుపల ఒక న్యాయమును పలుకుచున్నాడు. ఇది కపటము కాదు, మానవ సహజము. అయినను ఇరువైపుల అనుభవమును గల ఈ ఉద్యోగికి మంచి యజమాని యగుటకు అందరికంటె ఎక్కువ అవకాశము కలదు. తానద్దెకున్నచోట ఏది న్యాయమని కోరునో, తానద్దెకిచ్చినచోట అదియే న్యాయమని ఒప్పుకొని, దానిని కాగితముపై పెట్టినచో సగము చిక్కులు తీరును.

అట్లు పెట్టనిచో ఏమగునో తెలియుటకు ఒక ఉద్యోగి సంగతి చాలును. పేరుతో పనిలేదు, ఇట్టివారు ప్రతి కార్యాలయములోను కనబడుదురు. ఆయన కాకినాడలో మూడు గదుల యిల్లు కట్టి, పరిచయస్థుల సిఫారసుపై ఒక బడిపంతులుగారి కుటుంబమునకు అద్దెకిచ్చెను. కాగితము వ్రాసికొనలేదు. "తెలిసినవారి మధ్య కాగితమేల?" అని ఇరువురు ననుకొనిరి. అద్దె నెలనెలా బావమరది చేతికి నగదుగా ముట్టుచుండెను, రసీదు లేదు. పదునొకండేండ్లు గడచినవి. నడుమ నీటి ఎద్దడి వచ్చినప్పుడు పంతులుగారు తమ సొమ్ముతో బోరు వేయించిరి. "తరువాత చూచుకొందము" అని బావమరది అనెను. తుపానుకు వంటింటి రేకులెగిరిపోగా, వానిని కూడ వారే వేయించుకొనిరి. పదవీ విరమణకు రెండు నెలల ముందు ఉద్యోగి, ఇల్లు ఖాళీ చేయవలసినదని ఉత్తరము వ్రాసెను. అప్పటికి పంతులుగారి కుమార్తెకు పదవ తరగతి పరీక్షలు దగ్గర పడినవి. బోరు సొమ్మును రేకుల సొమ్మును ఇచ్చి, వేసవి సెలవులవరకు ఆగుడని వారు. ఇన్నేండ్లు చౌక అద్దెకుండి ఎదురు సొమ్మడుగుదురా యని వీరు. మాట పెరిగెను. వ్యవహారము న్యాయస్థానమెక్కెను. విశ్రాంతోద్యోగి తన సొంత ఊరిలో, తన యింటికి రెండు వీథుల అవతల, రెండేండ్లు అద్దెకుండవలసి వచ్చెను.

ఈ కథలో దుర్మార్గుడెవ్వడును లేడు. ఎవరి లెక్క వారికి న్యాయముగనే తోచెను. లేనిది కాగితమొక్కటియే. కార్యాలయమున ఒక పెన్నుల పెట్టె కొనుటకైనను ఫైలు తెరచి, మూడు సంతకములు చేయించు ఉద్యోగి, తన జీవితమున కెల్ల పెద్ద ఆస్తి విషయమున ఒక్క సంతకమైనను లేకుండ నడచుకొనెను.

ఇచట చట్టముల చరిత్రను కొంచెము చెప్పుకొనుట మంచిది. అద్దె చట్టములు పుట్టుటకును ప్రభుత్వోద్యోగులకును దగ్గర సంబంధము కలదు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభము కాగా రాజధానికి కార్యాలయములును సిబ్బందియు వెల్లువగా వచ్చిరి. ఇండ్లు చాలక అద్దెలు పెరుగగా, ఆ యేడే న్యూఢిల్లీ ఇంటద్దెల నియంత్రణ ఉత్తరువు వెలువడెను. తరువాత 1947లోను, 1952లోను చట్టములు వచ్చి, తుదకు 1958 నాటి ఢిల్లీ అద్దెల నియంత్రణ చట్టము స్థిరపడెను. తెలుగునాట ఆంధ్ర ప్రాంతమున మద్రాసు చట్టమును, తెలంగాణమున హైదరాబాదు చట్టమును అమలులోనుండగా, 1960లో రెంటికిని బదులు ఒకే చట్టము వచ్చెను. వీని యుద్దేశము నిలువనీడలేని వానిని కాపాడుట. అది అప్పటికి అవసరమే. కాని అద్దె ఏండ్ల తరబడి పెరుగక నిలిచిపోగా యజమాని మరమ్మతులు మానెను. ఉన్నవాడు కదలడు, ఖాళీయైనచో యజమాని ఈయడు. పగిడీ యను పేరుతో చాటు సొమ్ము చేతులు మారెను.

1988లో పార్లమెంటు ఢిల్లీ చట్టమును సవరించి, నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెగల ఇండ్లను దాని పరిధినుండి తప్పించినది. అందువలన నేడు ఢిల్లీలో క్రొత్తగా అద్దెకిచ్చు ఇండ్లలో హెచ్చుభాగమునకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమును, ఉభయులు వ్రాసికొనిన ఒప్పందమునే ఆధారము. 1995లో మరియొక ఢిల్లీ అద్దె చట్టమును పార్లమెంటు ఆమోదించినది. రాష్ట్రపతి సమ్మతియు లభించినది. కాని అది అమలులోనికి రానేలేదు. ఇక 2021 జూన్ 2వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఒక నమూనా అద్దె చట్టమునకు ఆమోదము తెలిపినది. ఇండ్ల విషయము రాష్ట్రముల అధికారములోనిది గనుక అది కేవలము నమూనా. ఏ రాష్ట్రము తన చట్టమును తానే చేసికొనవలెను. అయినను యజమానికిని అద్దెదారునకును ఏది న్యాయమను ప్రశ్నకు అది చక్కని కొలతబద్ద. చట్టము వర్తించినను వర్తింపకున్నను, అందలి నియమములను ఒప్పంద పత్రమున వ్రాసికొనుటకు అభ్యంతరము చాలవరకు లేదు.

ఇక ఆచరణకు వత్తము.

మొదటిది ఒప్పంద పత్రము. అందు ఇంటి వివరము, అద్దె మొత్తము, చెల్లింపవలసిన తేదీ, అడ్వాన్సు, గడువు, ఏటేట ఎంత పెంచవలెను, కరెంటు బిల్లు నీటి బిల్లు ఎవరివి, అపార్టుమెంటైనచో నెలసరి నిర్వహణ రుసుము ఎవరిది, ఖాళీ చేయుటకు ఎన్ని నెలల నోటీసు అనునవి స్పష్టముగా నుండవలెను. పదునొకండు నెలలకు వ్రాసికొను ఆచారము దేశమంతట కలదు. దానికి కారణము 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము: ఏడాదికి మించిన కౌలు పత్రమును రిజిష్టరు చేయింపక తప్పదు. ఆ ఖర్చు తప్పించుకొనుటకే ఈ పదునొకండు నెలలు. కాని తెలుగువారు గుర్తుంచుకొనవలసిన భేదమొకటి కలదు. ఆంధ్రప్రదేశమున 1999లో ఆ చట్టమునకు చేసిన సవరణ ప్రకారము, గడువెంత తక్కువైనను స్థిరాస్తి కౌలు పత్రములు రిజిష్టరు కావలసినవే. ఢిల్లీలో విన్న సలహాను గుంటూరులో అమలుపరచరాదు. ఊరి న్యాయవాదిని ఒక్కసారి సంప్రదించుట తరువాతి చిక్కులకంటె చౌక.

పన్నెండేండ్లున్నచో అద్దెదారునకే ఇల్లు దక్కునను భయము కూడ చాలమందికి కలదు. ఇది అపోహ. యజమాని అనుమతితో అద్దెకున్నవాడు, ఆ అద్దెదారితనము సాగినంతకాలము, యజమాని హక్కును కాదనుటకు చట్టమంగీకరింపదు. అయితే అద్దెకున్నాడని చూపుటకు పత్రమో రసీదో ఉండవలెను గదా! పంతులుగారి కథలోవలె ఏదియు లేనిచో, నిజమైన హక్కును నిరూపించుకొనుటకే ఏండ్లు పట్టును.

రెండవది మనుష్యుని ఎన్నిక. అద్దెకు వచ్చువాని ఉద్యోగమేమి, జీతమెంత, వెనుకటి యింట ఎట్లు నడచుకొనెను అని విచారించుట యజమాని హక్కు. వెనుకటి యజమానికి ఒక్క ఫోను చేసినచో పది ప్రశ్నలకు సమాధానము లభించును. గుర్తింపు పత్రముల నకళ్లు తీసికొని, ఢిల్లీవంటి నగరములలో పోలీసుల విచారణకు వివరము లిచ్చుట మరువరాదు. అట్టి ఉత్తరువు అమలులోనున్నచోట ఈయకుండుట యజమాని నేరమే యగును. కాని, "మీరేమిట్లు?" అని కులమడిగి, వంటలో ఏమి వండుదురని అడిగి, ఒంటరిగా ఉద్యోగము చేసికొను ఆడపిల్ల యని వెనుదీసి తిప్పి పంపుట విచారణ కాదు. ఉత్తరదేశమునకు వచ్చిన తెలుగు కుటుంబములు కొన్ని, తిండి వేరనియు భాష వేరనియు ఎన్ని గుమ్మములనుండి వెనుదిరిగినవో ఈ సభలోని పెద్దలకు తెలియును. ఆ చేదును రుచి చూచినవారు దానినే ఇంకొకరికి వడ్డింపరాదు. అద్దె సకాలమున చెల్లించునా, ఇల్లు శుభ్రముగా నుంచునా, ఇరుగుపొరుగుతో మర్యాదగా నుండునా – అడుగవలసినవి ఈ మూడే.

మూడవది అడ్వాన్సు. నమూనా చట్టము నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి అడుగరాదనుచున్నది. బెంగుళూరువంటి చోట్ల పది నెలల అడ్వాన్సు ఆచారముగా నుండెను. ఎంత తీసికొనినను ఒక నియమము తప్పరాదు: అది యజమాని సొమ్ము కాదు. దానిని ఖర్చు పెట్టుకొని, ఖాళీ చేయుదినమున క్రొత్త అద్దెదారు అడ్వాన్సు రాగానే ఇత్తునని చెప్పుట అప్పు తీర్పలేనివాని మాట. ఆ మొత్తమును వేరుగా బ్యాంకులో డిపాజిట్టు చేసి, ఇల్లు అప్పగించిన దినముననే, న్యాయమైన మినహాయింపులు పోను తిరిగి చెల్లింపవలెను. మినహాయింపులకు లెక్క వ్రాసి చూపవలెను.

నాల్గవది, ఇల్లప్పగించునప్పటి జాబితా. ఫంకాలెన్ని, ట్యూబులైట్లెన్ని, ఏ గోడకు చెమ్మ ఉన్నది, ఏ తలుపు బిగుసుకొనుచున్నది, ఏ పలక పగిలియున్నది, కరెంటు మీటరు అంకె ఎంత – ఇవన్నియు వ్రాసి ఉభయులు సంతకములు చేసికొనవలెను. ప్రతి గదికి ఫోటోలు తీసికొనుట నేడు చేతిలోని పని. తాళపుచెవులెన్ని ఇచ్చిరో కూడ వ్రాయుడు. ఈ పనికి పట్టునది ఒక గంట. ఖాళీ చేయుదినమున, "ఈ చెమ్మ మేము రాకముందే ఉన్నది", "కాదు, మీరు వచ్చిన తరువాతనే" అను వాదమునకు ఆ గంటయే ప్రతివాదము.

ఐదవది మరమ్మతులు. యజమానికిని అద్దెదారునకును జరుగు తగవులలో పెక్కింటికి మూలమిదియే. నమూనా చట్టపు అనుబంధమున ఈ పంపకము చక్కగా నున్నది. కట్టడపు మరమ్మతులు, గోడలకు సున్నము, తలుపులకు కిటికీలకు రంగు, అవసరమైనచోట నీటి గొట్టములు మార్చుట, కరెంటు తీగెల పని – ఇవి యజమానివి. కుళాయిలు వాని వాషర్లు, కాలువ శుభ్రము, స్విచ్చులు సాకెట్లు, గీజరు మరమ్మతు, తాళములు పిడులు, కిటికీ అద్దములు, పెరటి తోట సంరక్షణ – ఇవి అద్దెదారువి. అద్దెదారు నిర్లక్ష్యమువలన చెడినది ఏదైనను అతడే బాగుచేయింపవలెను. ఇది స్థూలముగా ఇల్లు యజమానిది, వాడుక అద్దెదారునిది అను సూత్రము. దూరముననున్న యజమాని దీనికొక వాక్యము చేర్చుట మంచిది: ఫలానా మొత్తమునకు లోబడిన అత్యవసర మరమ్మతును అద్దెదారే చేయించి, బిల్లు పంపి, మరునెల అద్దెలో తగ్గించుకొనవచ్చును, అంతకు మించినచో ముందుగా వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. ఇట్టి వాక్యమొకటి యున్నచో పంతులుగారి బోరు న్యాయస్థానమునకు పోయెడిది కాదు.

చట్టము చెప్పనివి కొన్ని గలవు. పెరటిలోని కొబ్బరికాయలు ఎవరివి? మామిడిచెట్టు కాపులో యజమాని వాటా యెంత? మిద్దెమీద వడియములు పెట్టుకొనుట క్రింది వాటావారికా, పై వాటావారికా? వినుటకు నవ్వు వచ్చును గాని, కొబ్బరికాయలవద్ద మొదలై కోర్టువద్ద ముగిసిన తగవులు తెలుగునాట లేకపోలేదు. ఒక్క వాక్యము వ్రాసికొనినచో ఎవరి మర్యాదయు పోదు. చెట్టును సాకువానికే కాయలని ఒప్పుకొనుట ఎక్కువచోట్ల న్యాయముగనుండును. నీరు పోయునది వాడే గదా.

యజమానికి తన యిల్లు చూచుకొను హక్కున్నది. కాని అది అద్దెదారు కాపురము కూడ. ఇరువదినాలుగు గంటలు ముందుగా తెలిపి, సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమనే రావలెనని నమూనా చట్టము. సెలవులో ఊరికి వచ్చిన యజమాని చెప్పక వచ్చి, పిల్లలతో సహా గదిగదియు తిరిగి, "ఈ మేకెవరు కొట్టిరి?" అని అడుగుట మర్యాద కాదు. అట్లే, కోపము వచ్చినను నీరు కరెంటు ఆపుట నేరము. 1958 నాటి ఢిల్లీ చట్టమే దానిని నిషేధించినది. నమూనా చట్టమును నిషేధించుచున్నది.

ఆరవది లెక్క. అద్దె బ్యాంకు ఖాతాలోనే పడవలెను. నగదైనచో రసీదు తప్పక ఈయవలెను. రసీదు అద్దెదారునకు మాత్రమే కాదు, యజమానికిని రక్ష. నెలకు 15,000 రూపాయల అద్దె వచ్చు ఇంటిని తీసికొందము. ఏటికి 1,80,000. రెండు మూడేండ్లకొకసారి ఇల్లు మారునప్పుడు కొంతకాలము ఖాళీగా నుండును. మరమ్మతులు, సున్నము ఉండనే యున్నవి. జాగ్రత్తపరుడు ఖాళీకి ఒక నెల, మరమ్మతులకు ఒక నెల అద్దె ముందే తీసివేసి లెక్కించును. ఇంటి పన్ను 6,000 అనుకొనినచో, ఆదాయపు పన్నుకు ముందు చేతికి నిలుచునది 1,44,000. ఆ యింటి విలువ 60 లక్షలైనచో ఇది నూటికి 2 రూపాయల 40 పైసలు మాత్రమే. బ్యాంకు వడ్డీతో పోల్చి నిరాశపడువారు కలరు. సొంత యిల్లు అద్దెకిచ్చుట ధనార్జనకు గొప్ప మార్గమని ఎవరైనను చెప్పినచో నమ్మరాదు. దాని ప్రయోజనము వేరు. మనుష్యులు తిరుగుచున్న ఇల్లు నిలుచును. తాళము వేసిన యిల్లు చెదలకును చెమ్మకును ఆహారమగును. పదవీ విరమణనాటికి నిలిచియున్న యిల్లే అసలు లాభము.

ఆదాయపు పన్ను లెక్కలో, వచ్చిన అద్దెనుండి యజమాని ఆ యేట చెల్లించిన మునిసిపలు పన్నును తీసివేసి, మిగిలిన దానిలో నూటికి 30 వంతులు మినహాయింపు లభించును. మరమ్మతులకు నిజముగా ఎంత ఖర్చైనను ఇది మారదు. పై లెక్కలో పండ్రెండు నెలల అద్దెయు వచ్చినదనుకొనినచో, 1,80,000లో 6,000 పోగా 1,74,000. అందు 52,200 మినహాయింపు. పన్నుకు లోబడునది 1,21,800. గృహఋణముపై వడ్డీయున్నచో అదియు తగ్గును. అద్దెకన్న వడ్డీ హెచ్చై నష్టము తేలినచో, పాత పన్ను విధానమున ఏటికి రెండు లక్షలవరకు జీతముపై తగ్గించుకొనవచ్చును; క్రొత్త విధానమును ఎన్నుకొన్నవారికి ఆ వీలు లేదు. పిల్లలు విదేశములలో నుండి వారి పేర ఇల్లున్నచో, అద్దె చెల్లించువాడే ముందుగా పన్ను మినహాయించి కట్టవలెను. ఇది చాలమంది ఎరుగరు.

ఏడవది ఉద్యోగధర్మము. 1964 నాటి కేంద్ర సివిలు సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో 18వ నియమము స్థిరాస్తులను గూర్చినది. కొనుగోలు అమ్మకములవలెనే కౌలుకిచ్చుటయు ముందుగా అధికారులకు తెలుపవలసిన వ్యవహారము. అయితే ఇచట కౌలనగా ఏటేటి కౌలుగాని, ఏడాదికి మించిన గడువుగాని, వార్షికపు అద్దెగాని యున్నదని ఆ నియమమే వివరించుచున్నది. కాని ఉద్యోగి కార్యాలయముతో వ్యవహారములున్న వ్యక్తికి ఇచ్చినచో ఈ సడలింపు లేదు; గడువెంతదైనను, ముందుగా అనుమతి పొందవలెను. గుత్తేదారు తన యింట అద్దెకుండి, బజారు ధరకంటె రెట్టింపు అద్దె ఇచ్చుచున్నచో లోకమేమనుకొనునో వేరుగా చెప్పనక్కరలేదు. స్థిరాస్తుల వార్షిక నివేదికలో ఆ యింటి ఆదాయమును చూపుట మరువరాదు. ఇక, సొంత యిల్లు అద్దెకిచ్చుకొనవచ్చును గాని, ప్రభుత్వపు క్వార్టరులో ఒక గదినైనను అద్దెకిచ్చుట అదే నియమావళిలో స్పష్టముగా నిషిద్ధము. ఈ రెండింటికిని భేదము గ్రహింపక ఉద్యోగమునకే ముప్పు తెచ్చుకొనువారు కలరు.

ఎనిమిదవది, ఊరిలో చూచుకొనువాడు. బావమరదియైనను పినతండ్రి కొడుకైనను అతనికి అధికారపత్రము వ్రాసి ఈయవలెను. అద్దె వసూలు, రసీదు, మరమ్మతులు, నోటీసు – ఈ పనులకు మాత్రమే అది పరిమితము కావలెను. అమ్ముటకును తాకట్టు పెట్టుటకును అధికారము చేర్చరాదు. అతని రాకపోకల ఖర్చు అడుగకముందే పంపవలెను. బంధువని ఉచితముగా పని చేయించుకొని, తరువాత లెక్కలడుగుట బంధుత్వమునకే చేటు. ఏడాదికొకసారి సెలవులో పోయినప్పుడు అద్దెదారుతో స్వయముగా కూర్చుండి మాటాడుట మేలు. పండుగకు వెళ్లి పసుపుకుంకుమలు పుచ్చుకొని వచ్చిన యింట తగవు అంత సులభముగా పుట్టదు.

తుదిది, ఇల్లు తిరిగి పొందుట. పదవీ విరమణ తేదీ ఉద్యోగి చేరిన దినముననే తెలియును. అది హఠాత్తుగా వచ్చునది కాదు. కనుక అంతకు ఏడాది ముందే అద్దెదారునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. నెలవారీ అద్దెకు, వేరు ఒప్పందము లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టము ప్రకారము పదునైదు దినముల నోటీసు చాలును. కాని చట్టమునకు చాలినది మనుష్యునకు చాలకపోవచ్చును. పిల్లల బడులు మార్చవలెను, వేరు ఇల్లు వెదకవలెను. ఒప్పంద గడువును వేసవి సెలవులలో ముగియునట్లు ఏర్పరచుకొనుట ఇరువురికిని సుఖము. 1958 నాటి ఢిల్లీ చట్టమునకు లోబడిన పాత అద్దె యిండ్ల విషయమున, పదవీ విరమణ చేయు కేంద్ర ప్రభుత్వోద్యోగికి ప్రత్యేకమైన హక్కొకటి 1988 సవరణతో లభించినది. తానద్దెకిచ్చిన యిల్లు తన నివాసమునకే కావలసినచో, విరమణకు ఏడాది ముందునుండి విరమణానంతరము ఏడాదిలోపల దరఖాస్తు చేసికొనవచ్చును. ఇండ్లెన్ని యున్నను ఈ హక్కు ఒక్కదానికే. గడువు దాటినచో ఆ దారి మూసికొనిపోవును గనుక, అట్టి యిల్లుగలవారు తేదీని మరువరాదు.

గడువు ముగిసినను అద్దెదారు కదలనిచో నమూనా చట్టము మొదటి రెండు నెలలకు రెండింతలు, ఆపై నాలుగింతలు అద్దె విధించుచున్నది. అట్లని ఆ ఆయుధమును మొదటి దినముననే తీయవలెనని కాదు. ఒక నెల అద్దె వదలుకొని, సామాను తరలించు ఖర్చుకు తోడుపడి, అడ్వాన్సు రొక్కముగా చేతిలో పెట్టినచో, ఏండ్ల వ్యాజ్యము ఒక్క మధ్యాహ్నమున ముగియవచ్చును. పంతులుగారికి బోరు సొమ్మిచ్చి, రెండు నెలలాగి యున్నచో, ఆ విశ్రాంతోద్యోగి రెండేండ్లు ముందుగా తన యింటి అరుగుమీద కూర్చుండెడివాడు. న్యాయవాదుల రుసుముకంటె ఆ సొమ్ము తక్కువ.

సభాసదులారా! ఈ సంఘమున ఇరువది సంవత్సరముల వయస్సున ఢిల్లీకి వచ్చి ఇంకను అద్దె గదిలోనున్నవారును ఉన్నారు; ఊరిలో ఇల్లు కట్టి అద్దెకిచ్చినవారును ఉన్నారు; రెండును అయినవారు మరింత మంది. ఒప్పంద పత్రము వ్రాయ కూర్చున్న ప్రతి యజమానియు, వ్రాసిన ప్రతి వాక్యమును తాను అద్దెదారుగా మరల ఒకసారి చదువుకొనవలెను. ఢిల్లీలో తన యింటి యజమాని ఆ పత్రమునే తన ముందు పెట్టినచో సంతోషముగా సంతకము చేయుదునని తోచినచో, అది మంచి పత్రము. చేయి వెనుదీసిన వాక్యమెక్కడనున్నదో, దిద్దవలసినదచటనే.

ఊరిలో కట్టిన ఇండ్లు చల్లగానుండి, వానియందు కాపురమున్నవారు సుఖముగానుండి, కట్టినవారు తమ కాలము రాగానే తాళపుచెవి నవ్వుచు పుచ్చుకొని లోనికడుగిడుదురు గాక!